దుగరాజపట్నం: ఒక గూఢచారి కథ, రెండు ప్రేమకథలు, నెల్లూరు తీరపు నూలుబట్ట

మధుబాబు షాడో నవలలు చదివినవారికీ, 1966లో వచ్చిన ‘గూఢచారి 116’ సినిమా చూసినవారికీ గూఢచారి కథ ఎలా నడుస్తుందో తెలుసు. ఒక రహస్యం ఉంటుంది. ఇద్దరు మగవాళ్ళ మధ్య ఒక స్త్రీ ఉంటుంది. మనం ఎన్నడూ చూడని దేశం ఒకటి కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది. చరిత్ర విద్యార్థికి ఇలాంటి కథలతో పనేమిటని మీరు అడగవచ్చు. పని ఉంది. 17వ శతాబ్దపు నెల్లూరు తీరంతో సంబంధమున్న చరిత్రలోకి ఇలాంటి కథలు రెండు ప్రవేశించాయి. ఒకటి లండన్ రంగస్థలం మీద నాటకంగా వచ్చింది. రెండోది ఈస్టిండియా కంపెనీ ఉద్యోగుల గుసగుసగా పుట్టి, పుస్తకాల్లోకి ఎక్కి, ఇప్పటికీ చెలామణిలో ఉంది. ఈ రెండు కథల వెనుక ఉన్న ఆధారాలేమిటో, అవి దేన్ని కప్పిపెట్టాయో ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

తీరమూ బట్టా

దుగరాజపట్నం పేరు మీలో చాలామంది విని ఉంటారు. 2014 నాటి రాష్ట్ర పునర్విభజన చట్టంలో ఇక్కడ పెద్ద ఓడరేవు కట్టాలన్న మాట ఉంది. ఊరు పూర్వం నెల్లూరు జిల్లాలోది. 2022లో జిల్లాలు మారినప్పుడు తిరుపతి జిల్లాలోకి వెళ్ళింది. ఈ ఊరికి దక్షిణంగా శ్రీహరికోట దీవి, దాని వెనుక పులికాట్ సరస్సు ఉన్నాయి. ఆ సరస్సును మన పెద్దలు ప్రళయకావేరి అనేవారు. వానాకాలంలో ఏర్ల నీటితో నిండి, ఎండాకాలంలో చాలామేర బురదనేలగా, ఉప్పునేలగా మారే సరస్సు అది. చలికాలంలో రాజహంసలు దిగుతాయి. నేలపట్టు చెట్ల మీద గూడబాతులు గూళ్ళు కడతాయి. దుగరాజపట్నానికి ఎదురుగా సముద్రంలో ఒక పెద్ద ఇసుకమేట ఉంది. ఓడలకు ప్రమాదమూ అదే, దాని లోపలివైపు నిలిచినప్పుడు అలల నుంచి కాస్త ఆశ్రయమూ అదే. నావికుల పటాల్లో ఆ మేట పేరు ఆర్మగాన్. ఇంగ్లీషువారు ఈ ఊరిని పిలిచిన పేరు కూడా అదే. తమకు సాయపడిన ఆర్ముగం మొదలియార్ అనే స్థానికుడి పేరే అలా మారిందని సంప్రదాయంగా చెబుతారు.

ఐరోపా వర్తకులను ఈ తీరానికి రప్పించింది నూలుబట్ట. దీన్ని సరిగా అర్థం చేసుకుంటే మిగిలినదంతా సులువవుతుంది. ఐరోపాలో లాభం తెచ్చేవి లవంగం, జాజికాయ, జాపత్రి. అవి నేటి ఇండోనేషియాలోని మొలక్కా, బాందా దీవుల్లో పండేవి. ఆ దీవులవారికి ఐరోపా ఉన్ని బట్టలతో పని లేదు. వారు కోరింది కోరమాండల్ తీరపు నేతబట్ట, ముఖ్యంగా చిరివేరు ఎరుపుతోను, నీలిమందుతోను అద్దిన రంగుబట్ట. కాబట్టి వెండి, బంగారం తెచ్చి ఇక్కడ బట్ట కొనాలి, ఆ బట్ట దీవులకు తీసుకుపోయి సుగంధద్రవ్యాలు కొనాలి, వాటిని ఐరోపాలో అమ్మాలి. బట్ట ఎవరి చేతిలో ఉంటే లవంగం వారిది.

అయితే ఈ బట్ట అంగట్లో సిద్ధంగా దొరికేది కాదు. స్థానిక వర్తకులు నేతగాళ్ళకు ముందుగా బయానా ఇచ్చి నేయించాలి. గాలులు మారి ఓడ బయలుదేరే లోపల సరుకు తీరం చేరాలి. ఏ ఊళ్ళో ఎన్ని మగ్గాలు ఆడుతున్నాయి, ఎవరు ఎవరి బయానా తీసుకున్నారు, ఎదుటివాడు ఏ ధర పలికాడు అన్న సమాచారమే ఈ వ్యాపారానికి ప్రాణం. ఆ సమాచారం దుబాసీల ద్వారా, స్థానిక వర్తకుల ద్వారా చేరేది. అసలైన గూఢచర్యం అంటే ఇదే. సినిమాకు పనికిరాదు కానీ.

పులికాట్‌లో మూసుకున్న తలుపు

డచ్చివారు 1610లో పులికాట్‌లో స్థిరపడ్డారు. విజయనగర రాజు రెండవ వేంకటపతి నుంచి వారికి కౌలు దొరికింది. 1611 ఆగస్టులో ఇంగ్లీషు కంపెనీ ఓడ ‘గ్లోబ్’ పులికాట్ చేరింది. ఆ ఓడలో వర్తకం నడిపించవలసిన పీటర్ ఫ్లోరిస్, లూకాస్ ఆంథూనిస్ ఇద్దరూ డచ్చివారే. పూర్వం డచ్చి కొలువులో ఈ తీరంలో పనిచేసి, ఇక్కడి సరుకు, ధరలు, మనుషులు అన్నీ తెలుసుకుని, ఇంగ్లీషువారి జీతానికి మారినవారు. నవలాకారుడైతే వీరిద్దరితోనే ఒక పుస్తకం రాసేవాడు. పులికాట్‌లోని డచ్చి అధికారి తన కౌలు చూపించి, ఇక్కడ మరొకరికి వ్యాపారం లేదన్నాడు. గ్లోబ్ ఉత్తరానికి సాగి నిజాంపట్నంలోను, మచిలీపట్నంలోను సరుకు దింపింది. 1613 నాటికి పులికాట్‌లో డచ్చివారి గెల్డ్రియా కోట లేచింది.

ఆ మరుసటి ఏడాది వేంకటపతి రాజు మరణించాడు. వారసత్వ యుద్ధం మొదలైంది. గొబ్బూరి జగ్గరాయుడు కొత్త రాజును కుటుంబంతో సహా బంధించాడు. వెలుగోటి యాచమనాయకుడు ఆ కుటుంబంలోని ఒక పిల్లవాణ్ణి మాత్రం బయటికి రప్పించగలిగాడు. ఒక చాకలి ఆ పిల్లవాణ్ణి బట్టల మూటలో పెట్టుకుని కాపలా దాటాడని జెస్యూట్ ఫాదర్ బర్రాదాస్ 1616లో రాసిన ఉత్తరం చెబుతుంది. వెలుగోటివారు అంటే మన వెంకటగిరి సంస్థానాధీశుల వంశమే. ఈ అధ్యాయంలో నిజంగా గూఢచారి పని అనదగ్గది ఎవరైనా చేశారంటే ఆ చాకలి. అతని పేరు ఆ ఉత్తరంలో లేదు. యుద్ధం తర్వాత కేంద్రాధికారం బలహీనపడి, తీరంలోని నాయకులు తమ రేవుల విషయంలో తామే నిర్ణయాలు తీసుకోసాగారు. ఇంగ్లీషువారికి తర్వాత కలిసివచ్చింది ఇదే.

1619లో ఐరోపాలో రెండు కంపెనీల మధ్య ఒప్పందం కుదిరింది. దాని ప్రకారం ఇంగ్లీషువారు 1621లో పులికాట్ వచ్చి, కోట సైన్యం ఖర్చులో పాలు పంచుకుంటూ వ్యాపారం చేశారు. ఖర్చు మిగిలింది కానీ లాభం రాలేదు. 1623లో వెళ్ళిపోయారు. అదే సంవత్సరం, ఇక్కడి బట్ట చేరే లవంగాల దీవిలో ఇవే రెండు కంపెనీల మధ్య ఒక ఘోరం జరిగింది.

అంబోయినాలో ఒక ప్రశ్న

1623 ఫిబ్రవరిలో, అంబోయినా దీవిలోని డచ్చి కోటలో, డచ్చి కొలువులోనే ఉన్న ఒక జపాన్ సైనికుడు కావలివాణ్ణి కోట రక్షణ గురించి ప్రశ్నలు అడిగాడు. ఎంతమంది సైనికులున్నారు, కాపలా ఎప్పుడు మారుతుంది వంటివి. గవర్నర్ హెర్మన్ వాన్ స్పూల్ట్ అతణ్ణి బంధించి చిత్రహింస పెట్టించాడు. ముఖానికి బట్ట కట్టి నీళ్ళు పోసే పద్ధతి అది. ఇంగ్లీషువారితో కలిసి కోట పట్టుకోవాలని కుట్ర పన్నామని అతడు ఒప్పుకున్నాడు. తర్వాత ఇతర జపాన్ సైనికులను, దీవిలోని ఇంగ్లీషు వర్తకులను అదే పద్ధతిలో విచారించారు. వారూ ఒప్పుకున్నారు. ఇంగ్లీషు ముఖ్య వర్తకుడు గాబ్రియెల్ టవర్సన్‌తో సహా పదిమంది ఇంగ్లీషువారికి, వారితోపాటు పలువురు జపాన్ సైనికులకు తల నరికి మరణశిక్ష అమలు చేశారు.

కుట్ర నిజమేనా? ఒప్పుకోళ్ళన్నీ ఒకదానితో ఒకటి సరిపోతాయి, నిజమే. కానీ చిత్రహింస కింద, విచారించేవారు ముందే చెప్పిన కథకు జవాబులు సరిపోవడంలో వింత లేదు. ఆడమ్ క్లూలో అనే చరిత్రకారుడు 2019లో ప్రచురించిన పుస్తకంలో ఈ ఘటనను భయం కోణం నుంచి చూశాడు. దూరదేశంలో కొద్దిమందిగా ఉంటూ, తాము కొలువులో పెట్టుకున్నవారినే నమ్మలేని స్థితి డచ్చివారిది. నా అభిప్రాయం కూడా దానికి దగ్గరగానే ఉంటుంది: కోట పట్టుకునే బలం ఆ గుప్పెడు వర్తకులకు లేదు, అడగకూడని ప్రశ్న ఒకటి మాత్రం ఒకడు అడిగాడు. మీరు ఈ విషయంలో ఒక నిర్ణయానికి వచ్చే ముందు ఒక పని చేయండి. ఒప్పుకోళ్ళను పక్కన పెట్టి, మిగిలిన ఆధారాలతో మాత్రమే కుట్రను నిరూపించగలమా అని ఆలోచించండి.

ఇంగ్లండులో 1624లోనే ఈ దారుణం గురించి ఒక కరపత్ర గ్రంథం అచ్చయింది. చిత్రహింస బొమ్మలతో సహా అది మళ్ళీ మళ్ళీ వెలువడింది, ముఖ్యంగా డచ్చివారితో యుద్ధం వచ్చినప్పుడల్లా. 1654లో వెస్ట్‌మినిస్టర్ సంధి తర్వాత డచ్చివారు కంపెనీకి 85,000 పౌన్లు, మృతుల వారసులకు 3,615 పౌన్లు చెల్లించారు. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడండి.

నాటకంలో చేరిన స్త్రీ

ఘటన జరిగిన 50 ఏళ్ళకు, ఇంగ్లండుకు డచ్చివారితో మూడో యుద్ధం నడుస్తున్న సమయంలో, ప్రసిద్ధ కవి జాన్ డ్రైడన్ ‘అంబోయినా’ అనే నాటకం రాశాడు. అది 1673లో అచ్చయింది. అందులో టవర్సన్ నాయకుడు. ఇసబిందా అనే స్థానిక యువతి అతణ్ణి ప్రేమిస్తుంది. డచ్చి గవర్నర్ కొడుకు కూడా ఆమెను కోరుకుంటాడు. ఆమె టవర్సన్‌ను పెళ్ళాడగా ఆ కొడుకు ఆమెపై బలాత్కారానికి పాల్పడతాడు. గూఢచారి కేసు, ముక్కోణపు ప్రేమ, లవంగాల దీవి, అన్నీ ఒకచోట చేరాయి. డ్రైడన్ ఆ దీవిని చూసినవాడు కాడు.

ఇసబిందా కల్పిత పాత్ర. గవర్నర్ కొడుకు ప్రేమ కథా కల్పితమే. ఎందుకు కల్పించవలసి వచ్చిందో ఆలోచిస్తే నాటకం పని అర్థమవుతుంది. బట్ట, లవంగం, కోట సైన్యం ఖర్చులో ఎవరి వాటా ఎంత అన్న వివాదాన్ని చూడటానికి జనం టికెట్టు కొనరు. ఒక స్త్రీకి జరిగిన అన్యాయానికి కోపగిస్తారు. పైగా ఆ స్త్రీ తనంతట తాను ఇంగ్లీషువాణ్ణి కోరుకుంటుంది, డచ్చివాడు బలవంతం చేస్తాడు. దీవిని ఎవరు ఏలాలో ఆ పాత్ర ద్వారా ప్రేక్షకులకు చెప్పేశారు. దీవివారికి ఇద్దరూ వద్దనే మూడో ఆలోచన ఉండవచ్చన్న సంగతి నాటకంలో ఎక్కడా కనబడదు.

నిజమైన టవర్సన్ జీవితంలోనూ ఒక స్త్రీ ఉంది. నాటకం ఆమెను పట్టించుకోలేదు. ఆమె పేరు మరియం, ఆగ్రాలోని ఆర్మేనియన్ క్రైస్తవ కుటుంబానికి చెందినది, మొగలు కొలువులో పనిచేసిన ముబారక్ ఖాన్ కూతురు. 1609లో జహంగీర్ దర్బారుకు వచ్చిన కంపెనీ ప్రతినిధి విలియం హాకిన్స్, తన తిండిలో విషం కలుపుతారన్న భయం గురించి చెప్పగా, నమ్మకమైన భార్య ఇంట్లో ఉంటే ఆ భయం ఉండదని చక్రవర్తి ఆమెతో పెళ్ళి చేయించాడు. భర్తతో ఇంగ్లండుకు బయలుదేరిన మరియం దారిలోనే 1613లో విధవ అయింది. 1614లో లండన్‌లో టవర్సన్‌ను పెళ్ళాడింది. 1617లో ఇద్దరూ ఇండియాకు వచ్చారు. ఆస్థానంలో ఆమె బంధుత్వం తనకు లాభిస్తుందని టవర్సన్ ఆశించాడు. అది జరగలేదు. ఆమెను ఆగ్రాలో పుట్టింటివారి దగ్గర వదిలి అతడు వెళ్ళిపోయాడు. అంబోయినాలో అతని తల తెగినప్పుడు అతని భార్య అక్కడ లేదు. డ్రైడన్ రాసినదానికన్నా ఇది మంచి కథ. కానీ ఇందులో ఇంగ్లీషు నాయకుడి గొప్పతనం ఏమీ కనిపించదు.

ఆర్మగాన్

అంబోయినా ఘటన వల్లే ఇంగ్లీషువారు దుగరాజపట్నం వచ్చారని కొన్ని పుస్తకాల్లో చదువుతాం. ఈ కారణాన్ని కాస్త జాగ్రత్తగా తీసుకోవాలి. డచ్చివారితో కలిసి ఉండలేమన్న భావన అంబోయినా వల్ల బలపడిన మాట వాస్తవం. కానీ తక్షణ కారణాలు ఈ తీరంలోనే ఉన్నాయి. మచిలీపట్నంలో గోల్కొండ అధికారుల వసూళ్ళు భరించలేకపోయారు. అద్దకపు బట్ట కొనడానికి దక్షిణాన ఒక స్థానం కావాలి. పులికాట్ మూసుకుపోయింది. దానికి ఉత్తరంగా 60 కిలోమీటర్లకు పైగా దూరంలో, స్థానిక నాయకుడి అనుమతితో, 1626 ప్రాంతంలో దుగరాజపట్నంలో ఫ్యాక్టరీ పెట్టారు. ఫ్యాక్టరీ అంటే ఇక్కడ వర్తకుల నివాసం, సరుకు గిడ్డంగి అని అర్థం, నేటి కర్మాగారం కాదు. దానికి చిన్న కోట కట్టి ఫిరంగులు అమర్చారు. ఇండియాలో ఇంగ్లీషువారు కోట కట్టుకున్న మొదటి స్థావరంగా దీన్ని చెబుతారు. 1628లో మచిలీపట్నం వదిలి ముఖ్యస్థానాన్నే కొంతకాలం ఇక్కడికి మార్చారు.

వెలిగినది కొద్దికాలమే. పెట్టుబడి చాలలేదు, 1630-32 కరువు వచ్చింది, స్థానిక నాయకుడి కోరికలు పెరిగాయి. 1632లో గోల్కొండ సుల్తాన్ అబ్దుల్లా కుతుబ్‌షా ఏటా 500 వరహాల మీద తన రేవుల్లో వ్యాపారానికి ఫర్మానా ఇవ్వడంతో మచిలీపట్నం మళ్ళీ ఆకర్షణీయమైంది. 1630ల చివర ఆర్మగాన్‌లో ముఖ్యుడు ఫ్రాన్సిస్ డే. రెండో ప్రేమకథ ఇతనిది.

సాన్ థోమ్‌లో ఎవరు?

డే 1639లో సుమారు 100 కిలోమీటర్లు దక్షిణానికి వెళ్ళి, దామెర్ల వేంకటాద్రి నాయకుడి నుంచి మదరాసుపట్నంలో కోట కట్టుకోవడానికి అనుమతి సంపాదించాడు. 1640 ఫిబ్రవరిలో డే, మచిలీపట్నం ముఖ్యుడు ఆండ్రూ కోగన్ అక్కడికి చేరారు. ఆర్మగాన్ ఖాళీ అయింది. నేటి చెన్నై పుట్టింది. ఓడలు నిలవడానికి రేవు లేని, అలలు తీవ్రంగా విరిగే ఆ ఇసుకతీరాన్ని డే ఎందుకు ఎంచుకున్నాడు? అక్కడికి సుమారు 5 కిలోమీటర్ల దూరంలోని పోర్చుగీసు పట్టణం సాన్ థోమ్‌లో అతనికి ప్రియురాలు ఉందని, ఆమెను తరచుగా కలవడానికే ఆ చోటు ఎంచుకున్నాడని కంపెనీవారిలో ఒక మాట పుట్టింది. మదరాసు గురించిన ప్రసిద్ధ గ్రంథాలన్నీ ఈ మాటను ప్రస్తావించాయి. పర్యాటకులకు చెప్పే కథల్లో అదే ముందుంటుంది.

ఇలాంటి ఆధారం ఎదురైనప్పుడు రెండు ప్రశ్నలను వేరుచేయాలి. ఆమె ఉందా అన్నది మొదటిది. ఉండవచ్చు, కాదనడానికి మన దగ్గర ఏమీ లేదు. ఆమె వల్లే ఆ స్థలం ఎంచుకున్నారా అన్నది రెండోది. ఇక్కడ మాత్రం మనకు వేరే ఆధారాలు పుష్కలంగా ఉన్నాయి. అక్కడ బట్ట ఇతర చోట్ల కన్నా సుమారు 20 శాతం చౌక అని డే నివేదించాడు. పిలిచింది అటువైపు నుంచి కూడా: తన నేల వ్యాపారంతో సంపన్నం కావాలని, పర్షియా గుర్రాలు దొరకాలని నాయకుడు ఆశించాడు. ప్రియురాలి కథలో దామెర్లవారికి పాత్రే లేదు. నగరం కట్టాలన్న నిర్ణయం పూర్తిగా ఒక ఇంగ్లీషువాడి మనసులో జరిగిపోతుంది. కోగన్ ఎందుకు ఒప్పుకున్నాడో కూడా ఆ కథ చెప్పలేదు. డే వెళ్ళిపోయిన తర్వాతా ఆ కోట నిలిచింది. ప్రియురాలి కోసమే అయితే నిలవవలసిన పని లేదు.

ఆ మాట ఎందుకు పుట్టిందో ఊహించడం కష్టం కాదు. కోట ఖర్చు నాయకుడే పెట్టుకుంటాడని ఇంగ్లీషువారు అనుకున్నారు. ఆయన పెట్టలేదు. లండన్‌లోని డైరెక్టర్లు ఖర్చు చూసి మండిపడ్డారు, కోగన్ సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చింది. డబ్బు వృథా అయిందన్న ఆరోపణ నడుస్తున్నప్పుడు, అది ఒక స్త్రీ కోసం జరిగిందంటే వినేవారు తేలిగ్గా నమ్ముతారు. మన ఊళ్ళలో పంచాయతీ రోడ్డు వంకర తిరిగినా ఇలాంటి కథలే పుడతాయి.

ఆర్మగాన్ నుంచి కంపెనీతో కదిలినవారిలో మనవారూ ఉన్నారు. మందుగుండు తయారీదారు నాగభట్టు, వర్తకుడు బేరి తిమ్మన్న పేర్లు మదరాసు తొలి రోజుల చరిత్రలో వినిపిస్తాయి. నాయకుడితో మాటలు కుదర్చడానికి తెలుగు తెలిసినవారు ఉండక తప్పదు. ఆ సంభాషణల్లో ఎవరు ఏం అనువదించారన్నదే కోట ఖర్చు వివాదానికి మూలమై ఉండవచ్చని నేను భావిస్తాను.

ఈ పాఠం చెప్పిన ప్రతిసారీ విద్యార్థులు ముందుగా అడిగే ప్రశ్న ఒకటే: “సాన్ థోమ్‌లో ఆమె పేరేమిటి సార్?” పేరు లేదు. టవర్సన్ భార్య పేరు మనకు మిగలడానికి కారణం, భర్తల ఆస్తి విషయంలోను, తన పోషణ విషయంలోను కంపెనీవారు ఆమె గురించి రాయవలసి రావడం. చాకలి పేరు లేదు. ఆర్మగాన్ గిడ్డంగికి చేరిన ప్రతి బట్టకూ నూలు వడికినవారు చాలావరకు ఊళ్ళలోని ఆడవాళ్ళే. ఆ గిడ్డంగి నుంచి వెళ్ళిన ఉత్తరాల్లో బట్ట రకం ఉంటుంది, ధర ఉంటుంది, ఏ ఓడలో ఎన్ని బేళ్ళు ఎక్కించారో ఉంటుంది.